పెద్దయ్య పైపుల ఆరా

పైపు కనబడితే చాలు, అది ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో తేలేదాకా పెద్దయ్యకు నిద్ర పట్టదు. నలభై ఏళ్లు చేసిన ప్లంబర్ పని మానేశాడు గానీ ఈ జబ్బు మాత్రం మానలేదు. దానితో వేగలేక ఆయన భార్య రత్నాబాయికి ప్రాణం విసిగిపోయింది.

కామాటిపురలో వాళ్లుండే చాల్, వరుస గదుల ఇల్లు, వందేళ్లది. కొత్త పైపు లైను వేసినవాడెవడూ పాతది పీకిన పాపాన పోలేదు. మేనకోడలి పెళ్లిలో తాళి కట్టే వేళ ఈయన వెనక గోడమీది పైపుకు చెవి ఆనించి నిలబడ్డాడు.

"అందరు నిన్నే చూస్తున్రు, ఇటు రా," అంది రత్నాబాయి.

"ఇది ఏడ దిగుతదో సమజైతలేదే."

"నా నెత్తి మీద దిగుతది. రా."

ఇంతలో మనవరాలు దర్శనకు ఆరో నెల స్కాన్ తీశారు. బిడ్డ గుండె దగ్గర ఎడమవైపు పెద్ద సిర ఒకటి ఎక్కువుందన్నారు. 'ఎక్కువ' అన్న మాట తర్వాత డాక్టర్ ఏం చెప్పిందో దర్శన చెవికెక్కలేదు. తానేదో తప్పు చేశానని మూడు రోజులుగా తిండి మానేసి ఒకటే ఏడుపు.

మళ్లీ ఆస్పత్రికి బయల్దేరితే పెద్దయ్య అందరికంటే ముందే మెట్ల కింద తయారు. నోరు మెదపొద్దని రత్నాబాయి దారంతా చెప్పింది. ఆయన కుర్చీలో కూర్చోకముందే మెదిపాడు.

"ఆ ఎక్కువ లైను ఏడికెళ్లి వచ్చింది, డాక్టరమ్మా?"

రత్నాబాయి ఆయన చొక్కా పట్టి గుంజింది. డాక్టర్ మనాలి వాళ్ల పక్క గల్లీ పిల్లే.

"మొదట్ల అందరు పిల్లలకు కుడిదిక్కొకటి, ఎడమదిక్కొకటి ఉంటయి కాకా. పెరుగుతుంటే ఎడమది కరిగిపోతది. కొందరికి ఉండిపోతది. ఎవరి తప్పు కాదు."

"మరి ఏడ దిగుతది?"

"గుండె కుడి గదిలకే. రావాల్సిన జాగకే వస్తున్నది. మిగిలిన గుండెంత మంచిగున్నది. బిడ్డకేం కాదు."

"సమజ్ కాలే. మొదలుకెళ్లి చెప్పు."

మనాలి పెన్ను కింద పెట్టింది. "నిన్న, మొన్న రెండు రోజులు ఇదే బొమ్మ గీయించుకున్నరు గద కాకా. ఇంక సమజ్ కాంది ఏముంది?"

రత్నాబాయి తెల్లబోయింది. ఆ రెండు రోజులూ ఈయన గ్రాంట్ రోడ్‌లో ఎవరివో పైపులు వెతుకుతున్నాడనుకుని, ఇంటికి రాగానే తిట్లు పెట్టింది. నాలుక కరుచుకుంది.

పెద్దయ్య తల గోక్కున్నాడు. "నాకు ఎప్పుడో సమజైంది. మన దర్శన పొల్లనే ఇనలే గద. నేను చెప్తే నమ్మది."

దర్శన కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ బొమ్మ నాకు గూడ గీయి అక్కా."

అంతలో నర్సు తలుపు తోసి, టైమైపోయిందంది. రత్నాబాయి లేచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"జర ఆగు సిస్టర్. మా ఆయనకు ఇంక సమజ్ కాలే."