రెండు బీడీల ఫొటో

రాజురా బజారులో రాజలింగు ఫొటో దుకాణం ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. అతని కెమెరాకు షట్టరు లేదు. కటకం మీది మూత తీసి, తొడ మీద వేలితో దెబ్బలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేవాడు. ఎండ ఉంటే ఒక దెబ్బ, మబ్బు పడితే నాలుగు. వెలుతురు కొలిచే యంత్రం అతని దగ్గర ఎప్పుడూ లేదు. చీకట్లో ఫొటో తియ్యమని అడిగిన మొదటి మనిషి పోశం.

హైదరాబాద్ రాష్ట్రం చీలి, రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలో కలిసిన ఏళ్లవి. మొదట నాందేడు జిల్లా అన్నారు, తర్వాత చాందా అన్నారు. పాత కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, కొత్త అధికారులకు మరాఠీయే వచ్చు. పోశం ఇల్లు సాస్తి ఊరి అవతల, ఎప్పుడో మూసేసిన ఒక బొగ్గుబాయి మీద ఉండేది. లోపల మిగిలిన బొగ్గు అంటుకుని నేల పగుళ్లిచ్చింది. పగలు పొగ కూడా సరిగా కనిపించదు. రాత్రయితే పగుళ్లలో నిప్పు ఎర్రగా కనిపిస్తుంది. వేరేచోట ఇంటి జాగా ఇప్పించమని అతను అర్జీ పెట్టాడు. విచారణకు వచ్చిన అధికారి మిట్టమధ్యాహ్నం నేల తాకి చూసి, ఎండకు కాలిందన్నాడు. రాత్రి దాకా ఉండడం కుదరదు, నిప్పుంటే ఫొటో తెమ్మన్నాడు. తొమ్మిది రోజుల్లో ఫైళ్లు చాందాకు పోతాయి. రుజువు లేని అర్జీలను అంతకుముందే కొట్టేస్తారు.

"రాత్రి ఫొటో అంటే పెండ్లిల్ల మెరుపుమందు కాల్చి తీసుడే," అన్నాడు రాజలింగు. "గట్ల తీస్తే నిప్పు వడదు, నీ మొఖం వడ్తది."

"నా మొఖం సాబు చూసిండే అన్నా. ఏం ఫాయిదా కాలె."

ఆ రాత్రి ఇద్దరూ కెమెరా మోసుకుపోయారు. ఎంతసేపు మూత తీసి ఉంచాలో రాజలింగుకు తెలియదు. తెలియనప్పుడు చేసే పద్ధతి ఒకటే: ఒకే చోటిని మాటిమాటికీ రెట్టింపు సేపు తియ్యడం, ఏది కుదిరిందో తర్వాత చూసుకోవడం. తొడ మీద దెబ్బలతో నిమిషాలు లెక్కపెట్టలేడు, చేతిగడియారం లేదు. బీడీ నిప్పు ఫొటోలో పడకుండా పోశాన్ని కెమెరాకు వీపు తిప్పి కూర్చోబెట్టి, బీడీ ముట్టించమన్నాడు; అది కాలినంతసేపే లెక్క. ఫొటో పడే గాజు పలకల్లో మొదటిదానికి ఒక బీడీ, రెండో దానికి రెండు, మూడో దానికి నాలుగు.

"గంత గుంజకు! బీడీ జల్దీ ఒడిస్తే ఫొటో కరాబైతది."

"నాలుగు బీడీలు వరసగ తాగుమనేటోడు నువ్వొక్కడివే దొరికినవ్," అని పోశం భార్య సారక్క గుమ్మంలోంచి నవ్వింది.

కడిగి చూస్తే పలకల మీద ఆకాశంలో చుక్కలు గీతలై పడ్డాయి. దూరాన నడుస్తున్న ఇంకో గని దీపాలు పడ్డాయి. నిప్పు పడలేదు. వెలుతురు చాలలేదనుకుని మర్నాడు ఎనిమిది బీడీలు కాల్పించాడు. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది, పగుళ్లు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఆ పలకను ఎర్ర దీపం కింద పట్టుకుని నిలబడ్డప్పుడు అతనికి తప్పు తెలిసింది. ఆ రకం పలకలకు ఎరుపు కనబడదు. అందుకే చీకటిగదిలో ఎర్ర దీపం పెట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే, నిప్పు ముందు నిలబడితే మరిచిపోయాడు.

రైలెక్కి నాగపూర్ పోయి, ఎరుపు పట్టే ఫిల్ములు మూడు తెచ్చాడు. అక్కడ అంతకన్నా లేవు. తిరిగి వచ్చేసరికి మిగిలింది రెండు రోజులు.

ఒక బీడీకి నిప్పు సన్నగా పడింది. నాలుగు బీడీలకు ఇంటి గోడ కూడా కనిపించింది గాని, నిప్పు తెల్లటి మరకై పగుళ్లు కలిసిపోయాయి. నడుమ రెండు బీడీలే సరైన లెక్క. కాని ఆ లెక్కకు గోడ పడదు. వెన్నెల ఉంటే పడేది, అది అమావాస్య వారం. గోడ లేకపోతే ఇటుకబట్టీ ఫొటో అని పారేస్తారు. ఆఖరి ఫిల్ముకు సారక్కను పగులు పక్కన లాంతరు పట్టుకుని కూర్చోమన్నాడు. విచారణ నాడు అధికారికి నీళ్లిచ్చింది ఆమే, గుర్తుపడతాడు.

"మెదలకు చెల్లె. రెండు బీడీల సేపు."

"నువ్వు కూసొని చూడు, తెలుస్తది," అంది. అని వెళ్లి కూర్చుంది.

పోశం మొదటి బీడీ అయ్యేదాకా ఆమె కదల్లేదు. రెండోది సగమయ్యేసరికి కాళ్లు మార్చుకుంది. తర్వాత ఇంకోసారి. రాజలింగు మూత వేయలేదు. వేస్తే ఇంకో ఫిల్ము లేదు.

ఫొటోలో ప్రతి పగులూ విడివిడిగా, దారం పరిచినట్టు పడింది. అతను తీసినవాటిలో అంత మంచి ఫొటో లేదు. పగులు పక్కన చీర కట్టిన మనిషి ఉంది. ముఖం ఉండాల్సిన చోట మసక.

కచేరీలో అధికారి ఫొటోను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "హీ బాయీ కోణ్?" అని అడిగాడు, ఈ ఆడమనిషి ఎవరని.

"నేనే సాబ్," అంది సారక్క, ఎదురుగా నిలబడి.

అతను ఆమెనూ ఫొటోనూ మార్చి మార్చి చూశాడు. ముఖం లేదు కదా అన్నాడు.

"కింద నేల కాలవట్టె సాబ్. మెదలకుండ ఎట్ల కూసుంటరు?"

నేల కాలుతోందని ఆమె నోటిమాట అతని దగ్గర ముందునుంచే ఉంది. అతను అడిగింది ఫొటో. స్థలం గుర్తు తెలియలేదు, వ్యక్తి గుర్తు తెలియలేదు అని మరాఠీలో రెండు వాక్యాలు రాసి, ఫొటోను అర్జీకి గుచ్చి, మర్నాడు కొట్టేసినవాటితో పంపేశాడు.

వెన్నెల వచ్చాక మళ్లీ తీస్తానని రాజలింగు ఆ ఇంటికి పోయాడు. తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తుతున్నారు. కోర్పనా దగ్గర సారక్క తమ్ముడి ఊరికి పోతున్నారు.

"ఇంగ దేనికన్నా?" అన్నాడు పోశం. రాజలింగు కెమెరా బండి పక్కన దించి, దూలానికి రెండోవైపు పట్టాడు.