మంచం కింది పెట్టె ఎవరింటిది

తెలుగు టీచరమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మా పిల్లలకి నాటకం గురించి చెప్పాలండీ, మీరొస్తే బావుంటుంది" అన్నప్పుడు నాకు మొదట సోఫాల మీద అనుమానం వచ్చింది. ఈ గల్ఫ్ నగరంలో, ఉమ్ ఘువైలినాలో ఉన్న వాళ్ల ఫ్లాటు హాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం మనవాళ్ల పిల్లలకు ఆవిడ తెలుగు చెప్తుంది. మొదలుపెట్టే ముందు సోఫాలు గోడవారకు నెట్టాలి, అయిపోయాక మళ్లీ లాగాలి. ఆవిడ భర్తకు నడుము నొప్పి. నేనేమో కంపెనీ బస్సు డ్రైవర్ని, చూడగానే సోఫా మోయించాలనిపించే శరీరం. బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. అలాంటివాణ్ణి పాఠం చెప్పడానికి పిలిస్తే అనుమానం రాక ఏమొస్తుంది?

"మేడమ్, నిజం చెప్పుండ్రి, సోఫాల కోసమే గదా?" అని అడిగాను.

"అయ్యో, అవేం మాటలండీ! క్యాంప్‌లో ఫంక్షన్‌కి మీరు చేసిన హాస్యం చూశాను. పుస్తకంలో ఉన్నది నేను చెప్తాను, మీరు ఆడించండి."

బడి మానేశాక ఊళ్లో బాగోతం మేళం వెంట తిరిగిన మాట నిజమే. రాజూ రాణీ రంగు పూసుకుని వచ్చేదాకా జనాన్ని లేవనీయకుండా కూర్చోబెట్టడం నా పని. ఇప్పుడూ దాదాపు అదే. పొద్దున్నే స్టాఫ్‌ను ఎక్కించుకుని మెసయీద్‌లో మా కంపెనీ సైటు దగ్గర దింపుతాను, సాయంత్రం తెచ్చి ఇళ్ల దగ్గర దింపుతాను. దారిలో ఎవరూ లేవరు.

వెళ్లాను. సోఫాలూ నెట్టాను. అనుమానం మరీ అంత తప్పేం కాదు.

టీచరమ్మ బోర్డు మీద వరసగా రాసింది: కథ, పాత్ర, సంభాషణ, సంఘర్షణ, రంగస్థలం. పిల్లలు వాటిని మందుసీసా మీది పేర్లలా చూశారు.

"అంకుల్, సంఘర్షణ అంటే ఫైటా?" అన్నాడు ముందు వరసలో ఒక పిలగాడు. గోదావరి వైపు వాళ్ల అబ్బాయి, గట్టి గొంతు. వాళ్ల నాన్న మా కంపెనీలోనే క్రేన్ సూపర్‌వైజర్, రోజూ నా బస్సే ఎక్కుతాడు.

"ఫైట్ అయితే పోలీసు వస్తడు బిడ్డా. సంఘర్షణకు ఎవ్వడు రాడు. ఇంట్లనే ఉంటది. మీ నాన్నకు ఏసీ పద్దెనిమిది మీద గావాలె, మీ అమ్మకు ఇరవై ఆరు మీద గావాలె. రిమోట్ ఒక్కటే. అయిపాయె."

పిల్లలందరూ ఒక్కసారి నవ్వారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లులు నవ్వలేదు. ఏసీ నంబర్లు నాకెలా తెలిశాయని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి సంభాషణ అంటే? మాట్లాడుకోవడమేగా?"

"మాట్లాడుడు గాదు, దాసిపెట్టుడు. ఊరి నుంచి ఫోన్ వస్తె మీ నాన్న ఏమంటడు? 'ఆఁ, అంత మంచిదే' అంటడు. అనేటప్పుడు మొకం చూడుండ్రి. నోరొకటి చెప్తది, మొకం ఒకటి చెప్తది. ఆ రెండిటి నడుమ ఉన్నదే నాటకం."

ఇక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కాని పిల్లలు నవ్వుతుంటే నాకు ఆగడం చేతకాదు. వచ్చే వారానికి ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఇద్దరికీ వేరువేరు కోరిక, లేదా ఇద్దరూ కలిసి దాచేది ఒకటి. అలాంటి ముక్క చూసి రావాలి. పెద్దగా చెప్పొద్దు, నా చెవిలో చెప్పాలి. ఎవరి ముక్క వాళ్లు ఆడకూడదు, నేను ఇంకొకరికి ఇస్తాను. మా మేళం పెద్దాయన పద్ధతి అది. ఇంట్లో చావు జరిగినవాడికి ఏడుపు వేషం ఇచ్చేవాడు కాదు. వాడు ఏడిస్తే ఏడుపే అవుతుంది, ఆట కాదనేవాడు. పాత్ర అంటే తాను కానివాడు కావడం.

"నా చెవుల పడ్డది నా నోట్లకు రాదు. మీ అమ్మానాయిన అడిగినా రాదు" అని పిల్లలకు మాటిచ్చాను. టీచరమ్మ నావైపు కొంచెం అనుమానంగా చూసింది.

మరుసటి శుక్రవారం పిల్లలు నా చెవి దగ్గర వరస కట్టారు. ఒకమ్మాయి, ఎర్ర కళ్లద్దాల పిల్ల, మా జగిత్యాల వైపువాళ్లే, చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పింది. రాత్రి అమ్మా నాయినా పెట్టె సర్దుతున్నరు. ఎవరో బెల్లు కొట్టిండ్రు. పెట్టె మంచం కిందికి తోసిండ్రు. నాయిన అన్నడు: "టికెట్లు తీసినట్టు ఒక్కలకు గూడ తెల్వద్దు. తెలిస్తె మన పని అయిపోయినట్టే."

విని నేను కొంచెంసేపు నవ్వడం మరిచిపోయాను. ఆ పిల్ల తండ్రి దూరాన దుఖాన్ ఊళ్లో పనిచేస్తాడు, వారాంతంలో ఇంటికొస్తాడు. చెప్పకుండా దేశం వదిలిపోయే అవసరం ఆయనకేమొచ్చింది? అయినా ముక్క బలంగా ఉంది. వదలబుద్ధి కాలేదు. గట్టి గొంతు పిలగాడికి తండ్రి వేషం ఇచ్చి ఆడించాను.

వాడు ఆడాడు చూడండి! సోఫా దిండును పెట్టె చేశాడు, బెల్లు మోగగానే చాప కిందికి తోశాడు, చెమట తుడుచుకున్నాడు. ఎర్రద్దాల పిల్ల తెలంగాణ యాసలో చెప్పిన మాట వాడి నోట గోదావరి యాసలో వచ్చింది: "టికెట్లు తీసినట్టు ఎవరికీ తెలీకూడదే. తెలిసిందంటే మన పనైపోయినట్టే!"

వాకిట్లో ఎవరో దగ్గారు. కొడుకును తీసుకెళ్లడానికి తొందరగా వచ్చిన మా కంపెనీ ఇన్‌ఛార్జి. కడప వైపు మనిషి. చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయి మొత్తం చూశాడు.

ఆదివారం పొద్దున బస్సులో ఆయన వెనక సీటు వదిలి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు.

"ఏమప్పా, క్లాసు బాగా జరుగుతాండాదా?"

"జరుగుతుంది సార్."

"ఆ పిల్లోడు బాగా చేసినాడులే. పిల్లోళ్లు సొంతంగా కల్పించరు గదా, ఇంట్లో చూసిందే చేస్తారు గదా?"

"కొందరు చూసింది చేస్తరు సార్, కొందరు చేసింది చూస్తరు" అన్నాను. అర్థం లేని మాటే. అర్థం లేని మాటలు కొన్నిసార్లు పనికొస్తాయి. ఈసారి పనికిరాలేదు. ఆయన అద్దంలో వెనక వరసలో నిద్రపోతున్న క్రేన్ సూపర్‌వైజర్‌ను చూస్తూ కూర్చున్నాడు.

ఆ నెలాఖరుకు సూపర్‌వైజర్ కాంట్రాక్టు అయిపోతుంది. కొత్తదానికి పేరు పంపాల్సింది ఈ ఇన్‌ఛార్జే. పోయేవాడికి ఎవరు పంపుతారు? పంపకపోతే పెళ్లాం పిల్లలతో సహా సామాను సర్దుకోవాలి, గట్టి గొంతు పిలగాడు పరీక్షల ముందు బడి వదలాలి.

రెండు రోజుల్లో సూపర్‌వైజర్‌కు సంగతి చేరింది. సాయంత్రం అందరూ దిగాక బస్సులోనే ఉండిపోయాడు.

"అన్నా, మావాడి చేత ఏం ఆడించావు?"

"ఏమైంది సార్?"

"ఏవైందా? నా పేపరు పంపారా అనడిగితే, 'నువ్వుంటే గదా పంపేది' అన్నాడు ఇన్‌ఛార్జి. నేనెక్కడికి పోతాను? టికెట్టేంటి, పెట్టేంటి? ఇంటికెళ్లి మా ఆవిణ్ణి నిలదీశాను. అలమారా మీద పెట్టె దించి చూశాను. ఖాళీ! ఆవిడేమో, 'నాకు తెలీకుండా టికెట్లు తీసింది మీరేనేమో, ఎవత్తెతో పోతున్నారు' అని మొదలెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో పెట్టె లేదు, మనశ్శాంతీ లేదు."

నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

"ఎవరి ముక్క వాళ్లు ఆడలే సార్. మార్చి ఇచ్చిన. అది మీ ఇంటిది గాదు."

"మరి ఎవరింటిది?"

"చెప్పరాదు."

"చెప్పవా? నా ఉద్యోగం పోతావుంటే చెప్పవా?"

"పిల్లలకు మాటిచ్చిన సార్."

"అయితే ఆయనకి చెప్పు, మార్చి ఇచ్చానని."

మర్నాడు చెప్పాను. ఇన్‌ఛార్జి చల్లగా నవ్వాడు. "ఓహో. నీకూ ఆయప్పకూ మంచి దోస్తీ ఉన్నట్టుందే" అన్నాడు. నేనెంత గట్టిగా కాదంటే ఆయనకు అంత గట్టిగా అవుననిపిస్తోంది. జోకర్‌గా బతికినవాడికి ఇదొక శిక్ష. నిజం చెప్పినప్పుడే ఎవరూ నమ్మరు.

నాకూ రాత్రిళ్లు అదే ఆలోచన. ఒక పేరు చెప్తే ఒక సంసారం నిలబడుతుంది. ఆ పేరు చెప్తే ఇంకో సంసారానికి ఏమవుతుందో తెలియదు. "మన పని అయిపోయినట్టే" అన్నాడట కదా ఆ తండ్రి. అప్పుల గొడవా? పోలీసు గొడవా? నాలుగు ఊహలు చేస్తే నాలుగూ భయంగానే ఉన్నాయి. టీచరమ్మకు ఫోన్ చేస్తే, "బోర్డు మీద సంఘర్షణ అని రాసింది నేనే అన్నయ్యగారూ, కానీ ఇంత కాదు" అంది.

చివరికి ఒకటి తోచింది. పెట్టె ఎందుకు దాచారో కారణాలు పది వస్తే, ఒక కారణం మీద ఉన్న అనుమానం పలచబడుతుంది. ఇన్‌ఛార్జిని, సూపర్‌వైజర్‌ను భార్యలతో సహా ఆ శుక్రవారం పిలవమని టీచరమ్మతో అన్నాను. అందరూ వచ్చారు. సోఫాలు నెట్టకుండా వాటి మీదే వాళ్లను కూర్చోబెట్టాము. ఒక మూల సూపర్‌వైజర్, ఇంకో మూల ఆయన భార్య, మధ్యలో ఇద్దరు పట్టే ఖాళీ.

"పిల్లలూ, ఇయ్యాల ఆడుడు లేదు, అడుగుడే. పోయిన వారం పెట్టె దాసిండ్రు గదా, ఎందుకు దాసిండ్రు? పాత్ర ఏం చేసినా దానికి కారణం ఉంటది. ఆ కారణం దొరికితేనే కథ దొరుకుతది. చెప్పుండ్రి."

"దొంగతనం చేశారు అంకుల్!"

"మంచిది. ఇంకా?"

"నాన్న జాబ్ పోయింది."

"వాళ్లు స్పైలు."

"అమ్మకి తెలీకుండా నాన్నమ్మని తీసుకొస్తున్నారు."

"అమ్మ గూడ అక్కడ్నే ఉన్నది గదరా పిలగా!"

అందరూ నవ్వుతున్నారు. ఇన్‌ఛార్జి కూడా సగం నవ్వాడు. ఎర్రద్దాల పిల్ల మాత్రం నవ్వడం లేదు. ఒక్కో జవాబుకూ దాని ముఖం ఎర్రబడుతోంది. "జైలుకు పోతరు అని భయం" అని ఎవరో అనగానే లేచి నిలబడింది.

"అట్ల కాదు అంకుల్! మా నాయిన దొంగ కాదు! పది రోజుల కోసమే పోతున్నం, మా పిన్ని పెండ్లికి. అందరికి తెలిస్తె అందరు వాళ్ల ఇండ్లల్ల ఇయ్యమని ప్యాకెట్లు ఇస్తరని దాసిండ్రు! పోయినసారి మా బట్టలు తీసేసి వాళ్ల ప్యాకెట్లు పెట్టినం!"

వంటింటి గుమ్మం దగ్గర ఆ పిల్ల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడలోకి పోదామన్నట్టు నిలబడింది. ఆమె సర్దుకునేలోపు ఇంకొకామె అననే అంది: "అయితే ఎప్పుడు పోతున్నరు వదినా? మా అత్తమ్మ మోకాళ్ల మందులు, చిన్న ప్యాకెట్టే..."

ఒక్కసారి అందరం పగలబడి నవ్వాం. ఊరికి పోతే ఎవరికీ చెప్పకుండా పోవడం, వచ్చాక "అర్జెంటుగా పోవాల్సొచ్చింది" అనడం, మాలో చేయనివాళ్లు లేరు. నేనూ చేశాను. ఇన్‌ఛార్జి పోయిన ఏడాది పండక్కి ఊరికి పోయి వచ్చిన సంగతి నా బస్సులో ఆయన సీటు ఖాళీగా ఉంటే తెలిసింది. అంతమందిమీ అదే పని చేస్తూ, ఎవరికీ అది తట్టలేదు. అనుమానించడంలో ఉన్న రుచి అలాంటిది.

ఇన్‌ఛార్జి లేచి సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లాడు. "నీదేనేమో అనుకుంటి గదప్పా. పొద్దున పంపిస్తాలే" అన్నాడు. సూపర్‌వైజర్ భార్య లేచి మధ్యలో ఖాళీ జాగాలో కూర్చుంది. ఎర్రద్దాల పిల్ల తల్లి నావైపు ఒక చూపు చూసింది. పది కిలోల మందులు, ఇంకా ఏమేమి మోయాలో తెలియదు, ఆ బరువంతా నా నెత్తిన పెట్టిన చూపు అది.

కొత్త కాంట్రాక్టు మీద సంతకం అయిన రోజు సూపర్‌వైజర్ పొద్దున్నే నా పక్క సీట్లో కూర్చున్నాడు. స్వీట్ బాక్సు ఇచ్చాడు. మెసయీద్ రోడ్డెక్కేదాకా హుషారుగా మాట్లాడాడు. తర్వాత మెల్లగా మాటలు తగ్గాయి.

"అన్నా, మావాడు వేరేవాళ్ల ముక్క ఆడాడు కదా?"

"అవు సార్."

"అంటే మా ఇంటి ముక్క కూడా మావాడు నీ చెవిలో చెప్పే ఉంటాడు."

"చెప్పిండు."

"అది ఎవడాడాడు?"

"మీకు తెలుసు గదా సార్, చెప్పరాదు."

ఆయన తమ ఇంట్లో దాచినవేవో వేళ్ల మీద లెక్కపెట్టసాగాడు. కాంట్రాక్టు చేతిలో ఉన్న మనిషి ముఖం అలా ఉండకూడదు.

"ఆ వారం మా ఆవిడ కూడా గుమ్మం దగ్గరే ఉందంట కదా?"

"ఉండె."

"అన్ని ముక్కలకీ నవ్విందా?"

నేను గేరు మార్చాను. ఆయన సీటు ముందుకు జరిగి గొంతు తగ్గించాడు.

"అన్నా, అదొక్కటీ చెప్పు. ఏ ముక్కకి నవ్వలేదు?"

ముందు ఒక ట్యాంకర్ నెమ్మదిగా పోతోంది. దాన్ని దాటే పనిలో పడ్డాను.