పత్తి మిల్లులో మిరప ఘాటు

2006 పత్తి సీజనులో నేను పర్చూరు వైపు ఒక జిన్నింగు మిల్లులో ఆడకూలీల మేస్త్రిని. జిన్నింగు అంటే పత్తిలోంచి గింజ విడదీసి దూది తీయడం. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన మేనేజరు. ఎవరు ఏ మిషను దగ్గర నిలబడాలో, ఎవరు పగలు రావాలో, ఎవరు రాత్రి రావాలో చెప్పడం మాత్రం నా పనే. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నా మాట కటువు. మిల్లులో అది పనికొచ్చింది.

షిఫ్టు వారానికోసారి మారేది. రాత్రి షిఫ్టుకి కూలి కొంచెం ఎక్కువ. నాగమణి అనే ఆవిడ తన రాత్రులు కాక, ఇతరుల రాత్రులు కూడా అడిగి తీసుకునేది. పొద్దున ఇంటికి పోయి గేదె పని, వంట పని చూసుకుని, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేది. అదే ఆమె నిద్ర.

ఆ సీజను మధ్యలో ఊళ్ళో వైద్య శిబిరం పెట్టారు. పరగడుపున రక్తం తీసి చూసి, నాగమణికి షుగరు అంచున ఉందన్నారు. జబ్బు ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మం దాకా వచ్చిందన్నమాట. ఆమె తల్లికి షుగరు పుండు మానక కాలు తీసేశారు. ఆ తల్లికి చివరిదాకా చాకిరీ చేసింది నాగమణే. అందుకని బాగా బెదిరింది. ఆస్పత్రికి తోడు రమ్మంటే వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ముందు తిండి గురించి అడిగింది. నాగమణి మిఠాయి ముట్టదు, టీలో చక్కెర కూడా వేసుకోదు, అదీ పొదుపు కోసమే. తర్వాత ఎంతసేపు పడుకుంటావని అడిగింది.

"పడుకుంటే పనెవరు చేస్తారండీ?" అంది నాగమణి.

నిద్ర చాలని ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదనీ, అందువల్ల రక్తంలో చక్కెర పెరుగుతుందనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నిద్ర ఒక్కటే కారణం కాదు, తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువేనట. తల్లిని మార్చలేం కానీ నిద్రను మార్చవచ్చు కదా అంది. అన్నం కొంచెం తగ్గించి, రోజూ నడిచి, రాత్రిపూట ఏడు గంటలైనా పడుకుని, సీజను అయ్యాక మళ్ళీ రమ్మంది.

మా పల్లెల్లో బదులు అనే పద్ధతి ఉంది. ఇవాళ నువ్వు నా చేలో మిరపకాయలు కోస్తే, రేపు నీ చేలో నేను కోస్తాను. డబ్బు చేతులు మారదు. దాన్నే మిల్లులోకి తెచ్చాను. నాగమణి పగలే మిల్లుకి రావాలి, ఆమె వంతు రాత్రులు మిగతావాళ్ళు పంచుకోవాలి, సీజను ముగిశాక ఆమె వాళ్ళ మిరప కల్లాల్లో పగటిపూట పనిచేసి తీర్చాలి. మిషను ఖాళీగా ఉండనంతవరకు తనకేమీ అభ్యంతరం లేదన్నాడు సూపర్‌వైజరు. నాగమణి పొరుగింటి రాఘవమ్మ మాత్రం, ఆవిడ నిద్రపోవడానికి మేం మేలుకోవాలా అని గొణిగింది. గొణిగినా, అందరికంటే ముందు వంతు తనే తీసుకుంది.

కొన్ని వారాలు గడిచాయి. మిల్లులో దూది నుసికి అందరం ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం, దగ్గులు మామూలే. కానీ ఒకరోజు ఉదయం నాగమణి పక్క మిషను దగ్గర రాఘవమ్మ ఆగకుండా తుమ్ముతోంది.

"పెద్దమ్మా, దీని దగ్గర మిరపకాయ ఘాటొస్తోంది" అంది.

వెళ్ళి చూస్తే నాగమణి వేళ్ళు ఎర్రగా ఉన్నాయి, కొంగుకి మిరపగింజలు అంటుకుని ఉన్నాయి. కళ్ళకింద నలుపు ముందెంత ఉందో అంతే ఉంది. అడిగితే దాచలేదు. రాత్రి ఊరికే పోతోందని, షావుకారు దగ్గర కూలికి మిరపకాయల బస్తా తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోందట.

"ఏమే, నీ నిద్ర కోసం మేం మిల్లులో మేలుకుంటుంటే, నువ్వు షావుకారు కాయల కోసం ఇంట్లో మేలుకుంటున్నావా?" అంది రాఘవమ్మ తుమ్ముల మధ్యే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాగమణి నవ్వలేదు.

"చేతులు ఊరుకోవు పెద్దమ్మా. పని లేకుండా పడుకుంటే ఏదో తప్పు చేసినట్టుంటది" అంది నాతో.

అది నాకు తెలియని సంగతి కాదు. అయినా మెత్తబడలేదు.

"ఆ రాత్రులు నీవి కావే, వీళ్ళవి. నిద్రపోతావని ఇచ్చారు. అరువు తెచ్చిన ఎద్దుని బాడుగకి తిప్పుకుంటారా ఎవరైనా?"

ఆమె తల దించుకుంది. అరువు సొత్తు పాడుచేసిందన్న మాట పడడం మావాళ్ళకి షుగరు కంటే భయం. ఆ సాయంత్రమే బస్తా షావుకారుకి తిరిగి వెళ్ళింది. ఆ తర్వాత రాఘవమ్మ పగటి షిఫ్టు వారాల్లో, నాగమణి ఇంట్లో లైటు ఆలస్యంగా వెలుగుతుంటే గోడమీంచి "నా రాత్రి పాడుచేస్తున్నావే" అని కేకేసేది. లైటు ఆరిపోయేది.

సీజను అయ్యాక మళ్ళీ రక్తం చూపించుకుంటే షుగరు మామూలుకి దిగింది. అన్నం తగ్గించడం, నడక, నిద్ర, మూడూ కలిసి చేశాయంది డాక్టరమ్మ. మాత్రలు అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకుంటే చాలంది. నాగమణి అందరి కల్లాల్లోనూ రంగు పోయిన తాలుకాయలు ఏరి బదులు తీర్చింది. రాఘవమ్మ కల్లంలో అడక్కుండానే ఒకరోజు ఎక్కువ చేసింది.

మనిషికి పని తప్పించినంత మాత్రాన నిద్ర ఇచ్చినట్టు కాదని ఆ ఏడు తెలుసుకున్నాను. ఆ తర్వాత నేను పని మానేదాకా, ఒంట్లో బాగాలేదని రాత్రి షిఫ్టు తప్పించమన్నవాళ్ళకి తప్పించాను. మర్నాడు మాత్రం వాళ్ళ వేళ్ళు వాసన చూసేదాన్ని.