సెంటినెల్ దీవికి పడవ అడిగినవాడు

మాది పోర్ట్ బ్లెయిర్. తాత కాలంలో శ్రీకాకుళం నుంచి చేపలవేటకు అండమాన్ వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబం. నేను పనికి వెళ్ళిన ఖతార్‌లో, దోహా నగరంలోని అల్ మన్సూరా పేటలో నాతో గది పంచుకున్న జగిత్యాల మనిషికి ఈ సంగతి తెలిశాక నాకు మనశ్శాంతి లేకుండా పోయింది.

అతను సైట్‌లో ఫోర్‌మన్. సెలవు దొరికితే ఎడారిలో తిరుగుతూ వీడియోలు తీసేవాడు. ఒక శుక్రవారం భోజనాల దగ్గర సెంటినెల్ దీవి ప్రస్తావన తెచ్చాడు. మా అండమాన్ దీవుల్లోనే, బయటివాళ్ళు దగ్గరికొస్తే బాణాలు వేసే మనుషులుండే దీవి అది.

"మీ నాయినకు పడవున్నది గద. గా దీవి కాడికి తీస్కపొమ్మను. దూరంకెల్లి డ్రోన్ ఎగరేస్త, అంతే."

అక్కడికి వెళ్ళడం నేరమనీ, మన జలుబు సోకినా వాళ్ళు బతకరనీ చెప్పాను. గుడ్డల్లేని అడవి మనుషులకు చట్టమెందుకని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నా చిన్నప్పుడు ఇంజను చెడిపోయి నాన్న పడవ ఆ ఒడ్డు వైపు కొట్టుకుపోయింది. వాళ్ళు వేసిన ఒక బాణం పడవకు ఇవతలే నీళ్ళలో పడింది. ఇంజను బాగయ్యేదాకా విల్లులు ఎక్కుపెట్టి నిలబడ్డారే గాని రెండోది వెయ్యలేదు. ఆ సంగతి చెబితే మెత్తబడతాడనుకున్నాను.

"అయితే దగ్గరికి పోవచ్చన్నట్టు," అన్నాడు.

కంచం తోసేసి లేచాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. వంట కూడా వేరు చేసుకున్నాం. కొన్నాళ్ళకు అతను సెలవు మీద వెళ్తే జగిత్యాలకే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

రెండు వారాలకు నాన్న ఫోన్ చేశాడు.

"నీ పేరు సెప్పుకుని ఒకడు జెట్టీకి వచ్చినాడు. నువ్వే పంపినావేటి?"

ఎప్పుడో అతని ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడాను. నంబరు అందులో ఉండిపోయింది. నాన్న కాదని తరిమేస్తే వేరే పడవలవాళ్ళ చుట్టూ తిరిగాడట. చివరికి నాన్నే పోలీసులకు చెప్పాడు. వాళ్ళు పిలిచి బెదిరించి విమానం ఎక్కించారు. నేను పంపలేదని ఎంత చెప్పినా నాన్న కోపం తగ్గలేదు.

"పంపకపోతే, ఆ బాణం కథ ఆడికెలా తెలిసింది?"

అతణ్ణి ఆపడానికే చెప్పానన్నాను, నాన్న ఫోన్ పెట్టేశాడు.

దోహాకు తిరిగొచ్చిన రోజు అతను నా సూట్‌కేసు తలుపు బయట పెట్టాడు. "పోలీసోళ్ళ ముంగట నన్ను నిలవెట్టించినవ్," అన్నాడు. నిలబెట్టింది మా నాన్న అనీ, నేనైనా అదే చేసేవాణ్ణనీ చెప్పి సూట్‌కేసు తీసుకున్నాను.

దోహాలోనే మెసైమీర్ అనే పేటలో వేరే గది దొరికింది. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం చాలా నెలలు నాన్న పలకలేదు. నా గొంతు వినగానే ఫోన్ అమ్మకిచ్చేసేవాడు.