ఉప్పు లెక్కకు చింతగింజలు

ఐదో గ్లాసా, ఆరోదా? ఉప్పు గ్లాసు చేత పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. తిరుపతిలో మా అద్దె ఇంటి వంటగదంతా ఆవపిండి ఘాటు, ఎదురుగా బేసిన్ నిండా మామిడి ముక్కలు, లెక్క మాత్రం ఎగిరిపోయింది. దిగులు పడాల్సింది పోయి ఫక్కున నవ్వాను, ఆ ఘాటులో మా అవ్వ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంది మరి.

మాది బంగారుపాళ్యం పక్క పల్లె, రోడ్డు పక్కనే మా మామిడి తోట. ఎండాకాలమొస్తే రోడ్డు మీద కాయల లారీలు, గుజ్జు ఫ్యాక్టరీ వైపు నుంచి తీపీ పులుపూ కలిసిన గాలి, ఎంత ఉతికినా గౌన్ల మీద పోని సొన మరకలు. అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ఊరగాయ కలిపే రోజు నాకు పండగే. ముక్కలు తుడిచేది నేను, బేసిన్‌కు అంటుకున్న కారంలో వేడి సంగటి వేసి కలిపితే మొదటి ముద్ద తినేదీ నేనే.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు అవ్వకు ఒక బెంగ పట్టుకుంది. కోళ్ళగంప మూసిందో లేదో మూడుసార్లు లేచి చూసేది, నన్ను పిలవబోయి మా అత్త పేరు పిలిచేది. ఎవరూ ఏమీ అనకపోయినా, మతి పోతోందని తనకు తానే తీర్మానించుకొని, దిగాల్సిన చోటు మరిచిపోతానేమోనని పాకాలలో వాళ్ళక్క ఇంటికి పోవడం కూడా మానేసింది. ఊరగాయ రోజు నన్ను చాటుగా పిలిచి గుప్పెడు చింతగింజలు పోసింది.

"నేను ఈ కొలిసే పడితో ఉప్పు పోసినప్పుడల్లా ఒక గింజ ఈ మూతలో ఎయ్యి. మీయమ్మకు సెప్పొద్దు. ఈసారి లెక్క తప్పిందంటే నేనింక గడప దాటేది ల్యా."

అంత పెద్ద పని నాకు! ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు. అంతలో పక్కింటి కస్తూరి వచ్చింది. చింతగింజ కనిపిస్తే బండ మీద బరబరా రుద్ది, పక్కవాళ్ళ చేతికి చురుక్కుమనిపించకపోతే మాకు తోచదు. మూతలోంచి ఒకటి తీశాను, రుద్దాను, కస్తూరి చేతికి పెట్టాను. అది కెవ్వుమని ఇంకోటి లాక్కొని నన్ను వాకిలంతా తరిమింది. అవ్వ లెక్క నాకొదిలేసి పోసుకుంటూనే ఉంది.

"ఎన్నైందే పాపా?"

మూతలో ఒకటే గింజ. "మరిసిపోయినానవ్వా" అన్నాను, ఏడుపొచ్చేసింది.

అవ్వ నన్ను చూసింది, మూతను చూసింది, పడి కింద పెట్టి పగలబడి నవ్వింది. "ఏమే, తొమ్మిదేండ్లకే నీకు మతి పోయిందా! ఒసే కోడలా, రాయే, దీన్ని సూడు!"

అమ్మ వచ్చి అంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న నేను పొయ్యి మీద పాలు పెట్టి నీళ్ళకు పోయినా గదత్తా, మరి నాకెన్నేండ్లంటావు? నోట్లో యేసుకో, ఉప్పే సెప్తాది."

అవ్వ ఒక ముక్క నాలుక మీద పెట్టుకొని కళ్ళు మూసుకుంది. "ఇంకొక పడి" అంది. ఆ ఏటి ఊరగాయ మళ్ళీ కాయలొచ్చేదాకా చెక్కుచెదరలేదు.

ఇప్పుడా తోట లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. పడి ఏమైందో తెలీదు. మా వీధి పిల్లలకు చింతగింజతో చేతులు కాల్చడం తెలీదు. అవ్వా లేదు. చివర్లో కొన్ని పేర్లు నిజంగానే తప్పిపోయాయి గానీ, నేను లెక్క మరిచిన కథ మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నేనూ ముక్క నాలుక మీద పెట్టుకొని ఇంకో గ్లాసు పోశాను.

ఆ ఏడు ఊరగాయ కలిపిన మర్నాడు పొద్దున్నే అవ్వ ఉతికిన చీర కట్టి, డబ్బాలో కొత్త ఊరగాయ పెట్టుకొని, ఒక్కతే పాకాల బస్సెక్కింది. స్టాపుకొకటి లెక్కపెట్టుకోమని నేను పరుగెత్తిపోయి కిటికీలోంచి చింతగింజలు ఇవ్వబోయాను.

"నువ్వే పెట్టుకోవే, నీకే కావాల" అని అవ్వ నా గుప్పిట మూసేసింది.

బస్సు మలుపు తిరగ్గానే ఆ గింజలన్నీ తీసుకొని కస్తూరి ఇంటికి పరుగెత్తాను.