గోదాములో నేర్చుకున్న బాక్సింగ్

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ ఎదుటి మేడ మీది అద్దాల జిమ్ముకేసి చూస్తే, మా కోడలి వయసు ఆడపిల్లలు గ్లవ్స్ తొడుక్కుని వేలాడే సంచిని దబదబా గుద్దుతున్నారు. ఒళ్లు తగ్గడానికి నేనూ ఒకప్పుడు ఆ పని చేశానంటే పక్కనున్న మనవరాలు నమ్మలేదు.

అప్పటికి నాకు నలభై నిండలేదు. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. రెండో కాన్పు తర్వాత ఒళ్లొచ్చి, మెట్లెక్కితే ఆయాసంతో గోడ పట్టుకునేదాన్ని. బీపీ ఇలాగే ఉంటే మంచాన పడతావని దవాఖానాలో డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది. మావారి అన్నగారు, అంటే మా బావగారు, రైల్వేలో పనిచేస్తూ బాక్సింగ్ ఆడినవారు. మా వీధి చివరి గోదాములో సాయంత్రాలు కుర్రవాళ్లకు నేర్పేవారు కూడా. తోటికోడలు పోయాక ఆయన దానికి తాళం వేసి, మా పక్క వాటాలో ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయారు. ఆయనను బయటికి లాగాలన్న ఆలోచన నాకేమీ లేదు, నా ప్రాణభయం నాది. ఒక ఆదివారం ధైర్యం చేసి, నాకూ నేర్పమని అడిగాను.

"ఆడోళ్లకు గిదెందుకమ్మా? పొద్దుగాల జర నడువు, సాలు," అన్నారు.

"నడిసి సూసిన బావా, రెండు రోజులకే బంద్ పెడుతున్న. మీరైతె తిట్టి మరీ చేయిస్తరు."

ఆయన లేచి గోదాము తాళంచెవి వెతికారు.

చున్నీ నడుముకు బిగించి తాడాట ఆడటం, చేతులకు గుడ్డపట్టీలు చుట్టుకోవడం, గడ్డం దించి నిలబడటం నేర్పారు. నిజంగానే తిట్టారు. ఒకనాడు తన అరచేతులకు మెత్తలు తొడుక్కుని, "పిండి పిసుకుతున్నవా? గుద్దు!" అనేసరికి నాకు రోషమొచ్చి బలంగా విసిరాను. గురి తప్పి దెబ్బ ఆయన దవడకు తగిలింది. నేలమీద చతికిలబడ్డారు. నేను గొల్లుమన్నాను.

ఆయన దవడ పట్టుకుని నవ్వటం మొదలుపెట్టారు. "రింగుల ఎవ్వడు నన్ను గిట్ల కూసోబెట్టలే. మీ అక్క సూస్తె మస్తు నవ్వుతుండె," అన్నారు. తోటికోడలు పోయాక ఆమె మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఆ మాటతోపాటే ఏడ్చారు కూడా. ఆ పూట మా ఇంట్లో కూర్చుని, మారు అడిగి వడ్డించుకుని తిన్నారు.

ఏడాది తిరిగేసరికి నా బీపీ అదుపులోకి వచ్చింది. ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఇంకొందరు వచ్చి చేరారు, వాళ్లూ ఆయన తిట్లు తిన్నారు. బావగారు ముసలితనం దాకా నేర్పుతూనే ఉన్నారు. ఆయన పోయాక గోదామును కూల్చి ఫ్లాట్లు కట్టారు.

ఇప్పుడు మేము పీర్జాదిగూడలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. ఒకే పంపు, ఒకే వాకిలి పంచుకున్న మన తరానికి ఇంత మొహమాటం ఎప్పుడు అబ్బిందో తెలియదు. పక్క ఫ్లాటులో భార్య పోయిన పెద్దమనిషి కొన్నాళ్లుగా కనబడటం లేదు. నిన్న తలుపు దాకా వెళ్లి, ఏమనుకుంటారోనని వెనక్కి వచ్చాను.