మెట్ల మీద పిలుపు

లా సీటు కోసం తిరుగుతున్న రోజులవి. ఒక కాలేజీ నాకు సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇస్తామంది. నాకేమో రెండో కాలేజీ మీద మనసు. వాళ్లు పావు వంతే ఇస్తామన్నారు.

సనత్‌నగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసే మా నాయన, నన్ను బండెక్కించుకొని పంజాగుట్టలోని ఆ రెండో కాలేజీ ఆఫీసుకు తీసుకెళ్లాడు.

"మేడమ్, గా కాలేజోళ్లు సగం ఇస్తుండ్రు. మీరు సుత గంత ఇయ్యుండ్రి."

"అది మా చేతుల్లో లేదండి," అంది అడ్మిషన్ల మేడమ్.

నాయన చటుక్కున లేచాడు. "నడువ్ బిడ్డా, ఆడికే పోదాం."

నాకర్థమైంది. అమీర్‌పేట బట్టల షాపుల్లో ఆయన బేరం ఇట్లాగే ఉంటుంది. లేచి బయటికి నడిస్తే షాపాయనే వెనక్కి పిలుస్తాడు.

మెట్ల మీద నాయన నా చెయ్యి పట్టుకొని, "జర మెల్లగ దిగు. పిలుస్తరు," అని గుసగుసలాడాడు.

నిజంగానే పైనుంచి "సార్, ఒక్క నిమిషం!" అని వినిపించింది. నాయన మొహం వెలిగిపోయింది. 'చూసినవా?' అన్నట్టు నాకేసి చూసి, షర్టు సర్దుకొని వెనక్కి తిరిగాడు.

"హెల్మెట్ మర్చిపోయారండీ," అంటూ మేడమ్ దిగివచ్చి ఇచ్చింది.

నాయన దాన్ని ఆ మెట్ల మీదే పెట్టుకున్నాడు. అద్దం కూడా దించేశాడు.

మొదటి కాలేజీలోనే చదివి లాయర్‌నయ్యాను. రాజీ చర్చల్లో అవతలివాళ్లు బేరం కుదరక లేస్తే, "కదలకు, వాళ్లే వస్తారు," అంటారు మా సీనియర్. నాకు మాత్రం వెనక్కి తిరిగిన ఆ మొహమే కనిపిస్తుంది. వాళ్లు తలుపు దాటకముందే పిలిచేస్తాను.